అపరిచిత గద్యం

మలికిపురంలో బయల్దేరిన రాజోలు బస్సు దారిలో ఆగిపోయింది. టైరు పంక్చరు.

అందరూ దిగేరు. ఏసుపాదం డ్రైవరుకి సాయం పట్టేడు.

ఏసుపాదం కూతురు రూతు కొబ్బరిచెట్టు నీడన కూర్చుని తెలుగు గైడు బట్టీ పడుతోంది. ఎనభై ఒకటో సంవత్సరం సెప్టెంబరు పదో తరగతి పరీక్షలు రేపే మొదలు.

మార్చిలో అన్నీ పాసై, తెలుగులో తప్పింది. ఈసారీ తప్పితే నర్సు ట్రైనింగు ఆశ వదులుకోవాల్సిందే.

"అపరిచిత గద్యాన్ని బట్టీ పడుతున్నావేంటమ్మా?"

రూతు తలెత్తింది. నలభై దాటినావిడ. నేత చీర, కళ్లజోడు, చేతిలో సంచి.

"మరేం చెయ్యనండీ? ఇందులో ఉన్నది పరీక్షలో రాదు. వచ్చింది నాకర్థం కాదు."

"అక్కడే అందరం తప్పేది. ముందు కింద ప్రశ్నలు చదువు. ఏం వెతకాలో తెలుస్తుంది. అప్పుడు గద్యం చదువు."

రూతు చదువుతూ ఒకచోట ఆగిపోయింది.

"క్షామం అంటే తెలీదండీ."

"తెలీకపోతే పోనీ. దానికి ముందేముంది?"

"రెండేళ్లు వానల్లేవండీ."

"తర్వాత?"

"జనం గింజల కోసం అల్లాడేరండీ."

"మరి క్షామమంటే?"

రూతు కళ్లు మెరిసేయి. "కరువండీ!"

"చూశావా, పక్కనున్న మాటలే చెప్పేసేయి. ఇప్పుడు మొత్తం ఒక్క ముక్కలో చెప్పు."

"ఉన్నది పంచుకు తిని ఊరంతా బతికిందండీ."

"అదేనమ్మా ముఖ్యభావం!"

"మీరు ఏ స్కూల్లో టీచరండీ?"

ఆవిడ నవ్వేరు. ఇంతలో బస్సు హారను మోగింది. తోపులాటలో ఆవిడ ఎక్కడ కూర్చున్నారో కనబడలేదు.

మర్నాడు పేపర్లో తేనెటీగల గురించి గద్యం వచ్చింది. తెలియని మాటలూ వచ్చేయి. రూతు బెదరలేదు. వెనకా ముందూ చూసి రాసేసింది.

పాసయ్యింది!

మార్కుల లిస్టుకి తండ్రీ కూతుళ్లు రాజోలు స్కూలుకెళ్లేరు. తెలుగులో డెబ్బై ఒకటి. గంతులేస్తూ వెనక్కి తిరిగిన రూతుకి వరండాలో ఆవిడ కనబడ్డారు.

"టీచరుగారూ! డెబ్బై ఒకటండీ!"

ఆవిడ రూతుని దగ్గరకి లాక్కుని గట్టిగా వాటేసుకున్నారు.

ఏసుపాదం చేతులు జోడించేడు. "మా పిల్లని గట్టెక్కించేరండీ. వచ్చి కలుద్దామంటే ఏ ఊరి టీచరుగారో తెలీలేదండీ."

ఆవిడ ఏదో చెప్పబోయేంతలో గుమాస్తా గదిలోంచి కేకేసేడు.

"పది పాసయిన సత్యనారాయణమ్మగారు ఎవరండీ?"

"ఆయ్, నేనేనండీ!" అంటూ టీచరుగారు చెయ్యెత్తేరు.