తడి బోర్డు

"మా ఊళ్లో లైబ్రరీయే లేదు జడ్జిగారూ. ఉన్నది చదువుకునే గది. డిగ్రీ చదివిన లైబ్రేరియనే ఉండాలన్న చట్టం లైబ్రరీకి గానీ, దానికెందుకు?" అన్నాడు మేయరు తరఫు వకీలు.

కేసు వేసిన జందీరా పళ్లు కొరికింది. డిగ్రీ ఉన్న తనను కాదని, ఆ కుర్చీలో ఊరంతా గౌరవంగా దోనా అని పిలిచే టీచరమ్మ జుల్మిరాను కూర్చోబెట్టారు. పాఠాలు చెప్పి గొంతు పోగొట్టుకున్నవాళ్లను మా బ్రెజిల్లో పుస్తకాల దగ్గరికే తోలతారు.

"నిశ్శబ్దంగా ఉండాల్సిన చోటికి ఆవిడకన్నా అర్హులెవరు?" అన్నాడు వకీలు. కోర్టంతా నవ్వింది.

జడ్జి జుల్మిరాను సాక్ష్యానికి పిలిచాడు. "తలుపు మీది బోర్డులో ఏముందమ్మా?"

"చదువుకునే గది అని ఉందయ్యా," గుసగుసగా అందామె.

"ఎప్పటినుంచి?"

ఆమె మోచేయి ఎత్తింది. చొక్కాకి పచ్చరంగు అంటుకుని ఉంది. "ఇవాళ పొద్దుటినుంచి. తలుపు తోస్తుంటే బోర్డు రంగు అంటింది."

జందీరా గెలిచింది. కోర్టు మెట్ల మీద జుల్మిరా ఎదురైతే తలెత్తలేకపోయింది.

"అబద్ధం చెప్పుంటే కుర్చీ మీకే ఉండేది కదా, దోనా."

"ఉండి? ఏది చదవాలని పిల్లలడిగితే అట్ట బాగున్నది ఇచ్చి పంపేదాన్ని. ఇక నన్ను బడి గేటు దగ్గర కూర్చోబెడతారు. సాయంత్రాలు నీ దగ్గరికొస్తా, నాకేది బాగుంటుందో చూసిపెట్టు. చదివేవాళ్లకి డిగ్రీ అక్కర్లేదుగా?"