హాల్లో కెమెరా

ఇంట్లో ఎవరో దూరారని బావకు గట్టిగా అనిపించింది.

హాల్లో కెమెరా ఉంది. దాన్ని ఫోనులో చూసుకునే ఏర్పాటూ ఉంది. తీరా అవసరం పడేసరికి ఫోనులో ఒక చక్రం గిర్రున తిరుగుతోందే తప్ప బొమ్మ రావడం లేదు. బావ మంచం అంచున కూర్చుని ఆ చక్రాన్నే చూస్తున్నాడు. ఫ్యాన్ కూడా వేసుకోలేదు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది.

ఆ కెమెరా బిగించింది బావమరిది. కంప్యూటర్లు బాగుచేయడమే అతని పని. కానీ ఇవాళ అతన్ని అడగడానికి బావకు మొహం చెల్లడం లేదు. బావమరిది ఇల్లు మారేది ఇవాళే. సరిగ్గా ఇవాళే ఆఫీసు క్యాంపు వచ్చిపడిందని చెప్పి నిన్న బావ ఎంత నొచ్చుకున్నాడో! "లేకపోతేనా, ఆ బీరువా నేనొక్కణ్ణే దింపేవాణ్ణి" అని కూడా అన్నాడు. పోయినేడు బావ ఇల్లు మారినప్పుడు బావమరిది ఫ్రిజ్జును మూడంతస్తులు మోశాడు. బావ గోడగడియారం మోశాడు.

పొద్దున్నే భార్య సామాను సర్దడానికి తమ్ముడింటికి వెళ్లింది. బావ బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరాడు. ఇంటి తాళంచెవులు రెండే, చెరొకటి. మరి దూరిందెవరు?

అవసరానికి సిగ్గేమిటి అనుకుని బావ మెసేజ్ పెట్టాడు.

"హాలు కెమెరా రావట్లేదురా. మాట్లాడలేను, పక్క గదిలో మనిషి ఉన్నాడు. మెసేజే పెట్టు."

జవాబు వెంటనే వచ్చింది.

"ఇప్పుడు కెమెరా ఎందుకు బావా?"

"ఇంట్లో ఎవరో దూరినట్టుంది."

"క్యాంపులో ఉన్నారు కదా, మీకెలా తెలిసింది?"

బావ ఏదో కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టాడు.

"మనసు కీడు శంకిస్తోంది. మీ అక్క అక్కడే ఉందా?"

"మా ఇంట్లోనే ఉంది. గిన్నెలు కాగితాల్లో చుడుతోంది."

అయితే దొంగే. హాల్లో కొత్త టీవీ ఉందని బావకు గుర్తొచ్చింది.

"కంగారు పడకండి బావా. ముందు ఫోనులో వైఫై ఆన్ చేయండి."

ఛార్జింగు మిగులుతుందని పొద్దున బయల్దేరేటప్పుడు దాన్ని ఆపేశాడు. ఆన్ చేయగానే ఫోను ఏమీ అడక్కుండానే కలిసిపోయింది.

"కలిసింది" అని పెట్టాడు బావ.

"కలిసిందా!" అని వచ్చింది అటునుంచి.

"సరే. ఇక ఆ యాప్‌ను వదిలేయండి. బ్రౌజరులో ఇది కొట్టండి" అంటూ నూట తొంభై రెండుతో మొదలయ్యే పొడవాటి నంబరొకటి పంపాడు బావమరిది. బావ చుక్కలతో సహా కొట్టాడు. అది పాస్‌వర్డ్ అడిగింది.

"పాస్‌వర్డ్ ఏంట్రా?"

"మీ పెళ్లిరోజు."

బావ ఒక తేదీ కొట్టాడు. కాదంది. ఇంకోటి కొట్టాడు. అదీ కాదంది.

"ఏ తేదీరా?" సిగ్గు విడిచి అడిగాడు.

"అక్కకు చెప్పన్లెండి" అంటూ తేదీ పంపాడు బావమరిది.

బంగారంలాంటి కుర్రాడు. ఇంటెడు సామాను నెత్తిమీద పెట్టుకుని కూడా విసుక్కోకుండా జవాబిస్తున్నాడు. ఇలాంటివాడికి ఓ చెయ్యి సాయం పట్టలేకపోయానే అని బావకు మొదటిసారి నిజంగానే బాధేసింది.

ఆ తేదీ కొట్టాడు. ఈసారి చక్రం తిరగలేదు. హాలు కనిపించింది. టీవీ ఉంది. టీవీ ఎదురుగా సోఫాలో బావమరిది ఉన్నాడు! పక్కన వాళ్లక్క తాళంచెవి, ఒళ్లో సామాను కట్టడానికి తీసుకెళ్లే నైలాను తాళ్ల చుట్ట. ఫోనులో ఏదో కొడుతున్నాడు. కొట్టడం అయ్యాక తలెత్తి, కెమెరా వైపు చూసి చెయ్యూపాడు.

మెసేజ్ వచ్చింది: "ఆ నంబరు మీ ఇంటి వైఫైలో ఉన్న ఫోనుకు తప్ప తెరుచుకోదు బావా, ఇక పడకగది గడియ తీసి రండి, అక్కడ బీరువా మీకోసం ఎదురుచూస్తోంది."