ఎడమ దిక్కు పాలు

చిన్నోడు మళ్ళీ తల తిప్పేసుకున్నాడు.

"పట్టు కొడుకా, ఒక్క గుక్క తాగు" అని బతిమాలింది యమునాబాయి.

ఆమె ఒళ్ళో ఇద్దరు పిల్లలు. కుడివైపు పెద్దోడు కళ్ళు మూసుకుని గుటగుటా తాగుతున్నాడు. ఎడమవైపు చిన్నోడు పెదవి ఆనిస్తాడు, ఉలిక్కిపడతాడు, ఏడుస్తాడు. ఇంకా పేర్లు పెట్టలేదు గనుక ముందు పుట్టినవాడు పెద్దోడు, వెనక పుట్టినవాడు చిన్నోడు. చిన్నోడు ఇరవై రోజుల పసికందు, పది రోజుల నుంచి సరిగ్గా పాలు లేక చేతులు పుల్లల్లా అయ్యాయి. ఈ వారం గడిచేనా అన్నది ఇంట్లో అందరికీ ఉన్న భయమే. పైకి ఎవరూ అనడం లేదు.

పక్కన చాటలో తునికాకు, తంబాకు. పిల్లల్ని ఒళ్ళోకి తీసుకునేదాకా యమున బీడీలు చుడుతూనే ఉంది. అలవాటుగా ఎడమ చనుమొనను రెండు వేళ్ళతో గట్టిగా గిచ్చి చూసుకుంది. ఏమీ తెలియలేదు. వేరే ఎవరి ఒంటినో గిచ్చినట్టుంది.

మొదటి ఎన్నికలు జరిగిన ఏడాది పెద్ద కూతురు పద్మ పుట్టింది. అప్పుడు ఎడమ రొమ్ములో గడ్డ లేచి, జ్వరం తలకెక్కి, యమున ప్రాణం మీదికి వచ్చింది. దవాఖానలో డాక్టరమ్మ గడ్డ కోసింది. గాయం మానింది గానీ చనుమొనకు స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. "నరం తెగింది, ప్రాణం దక్కింది" అంది డాక్టరమ్మ. యమునకు ఆ మాటే చాలు. మూడేళ్ళుగా పొద్దున లేవగానే ఆ డాక్టరమ్మను తలుచుకుని దండం పెట్టుకుంటుంది. కానీ ఇప్పుడు పాలు వస్తున్నాయో లేదో తల్లికి తెలియదు. పిల్లవాడికి తెలిసిందల్లా ఏడవడమే.

"యమునా, పెద్దోణ్ణి దించు" అంది పోచమ్మ, ఎదురుగా కూర్చుని ఆకు కత్తిరిస్తూ. నేతగాళ్ళుండే దాజీ పేటలో వీళ్ళ వాడలోనే ఉంటుంది, వరసకు అత్త. యమునకు పురుడు పోసింది ఆమే. "చిన్నోనికి కుడి దిక్కు పట్టు. పెద్దోనికి నేను గంజి పోస్త."

"నెల నిండని పోరనికి గంజెట్ల పోస్తవ్ అత్తా? పానం తీస్తవా?"

"మరి వీని పానం?"

"పెద్దోడు తాగినంక మిగిలింది వీనికి పడుతున్న గద."

"మిగిలేదెంత? రెండు గుక్కలు."

మగ్గం మీంచి లేచి యమున మొగుడు సిద్ధరాములు గుమ్మంలోకి వచ్చాడు. జుట్టంతా నూలు దుమ్ము. "అత్త చెప్పింది ఖరే యమునా, నిజమే. ఒక్కపూట మార్చి పట్టు."

"ఎడమ దిక్కు చచ్చిపోయింది. చచ్చినదాని కాడికి పెద్దోణ్ణి ఎట్ల తోల్త?"

"చిన్నోణ్ణి తోల్తున్నవ్ గద?"

"చిన్నోనికి నేను జవాబు చెప్పుకుంట" అంది యమున. కళ్ళు నిండిపోయాయి.

పోచమ్మ ఊరుకునే రకం కాదు. కత్తెర పక్కన పడేసి దగ్గరికి జరిగింది. యమున రైక ఎడమవైపు రూపాయి బిళ్ళంత మేర తడిసి ఉంది.

"గిదేంది? చచ్చింది అంటివి. చచ్చింది తడుస్తదా?"

యమున వంగి చూసుకుంది. తడి తగిలినట్టు కూడా ఆమెకు తెలియలేదు.

"పురుటి దినాలల్ల చిన్నోడు ఈ దిక్కు తాగిండా లేదా?"

"తాగిండు. పురుడు వెళ్ళినంక ఇంకిపొయినయనుకున్న."

పోచమ్మ చనుమొన మీద నిలిచిన బొట్టును వేలితో తీసి నాలుక మీద వేసుకుంది. మొహం వికారంగా పెట్టి తుపుక్కున ఉమ్మింది.

"తంబాకు."

"ఆ?"

"పురుడు వెళ్ళంగనే చాట ముంగట కూసున్నవ్. నీ చెయ్యి చూపియ్." యమున వేళ్ళు పసుపు పచ్చగా, ఘాటుగా ఉన్నాయి. "ఊకె ఎందుకు గిచ్చుతవే దాన్ని?"

"సోయి తిరిగొచ్చిందేమో అని."

"దినాం ఎన్నిసార్లు?"

"పాలిచ్చినప్పుడల్ల."

"కుడి దిక్కు?"

"దాన్నెందుకు ముడుత? అది తెలుస్తది గద. పెద్దోడే ఎతుక్కుంటడు."

పోచమ్మ నెత్తి కొట్టుకుంది. ఇంట్లోకి పోయి గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డ తెచ్చింది. ముందు యమున చేతులు సున్నిపిండితో తోమింది. తర్వాత రొమ్ము కడిగింది, తుడిచింది, మళ్ళీ కడిగింది. చాటను తీసుకుపోయి సిద్ధరాములు చేతిలో పెట్టింది. "ఇది బయట పెట్టు. పోరలు పాలు మరిచేదాంక నీ పెండ్లాం వాటా బీడీలు నేను చుడుత."

యమున మళ్ళీ ఎడమవైపే పట్టించింది. చిన్నోడు పెదవి ఆనించాడు. ఉలిక్కిపడలేదు. ఒక క్షణం ఆగి నోరు తెరిచి గట్టిగా పట్టాడు.

"తాగుతుండా?" అంది యమున. ఆమెకు ఏమీ తెలియడం లేదు. "అత్తా, నిజం చెప్పు, తాగుతుండా?"

"గొంతు చూడు."

చిన్న గొంతు కిందికీ పైకీ కదులుతోంది. మూతి పక్కనుంచి తెల్లగా ఒక చార కారింది. యమున దాన్ని కొంగుతో తుడవబోయి, తుడవబుద్ధి కాక అలాగే చూస్తూ ఉండిపోయింది. స్పర్శ లేకపోతేనేం, కళ్ళున్నాయి. "డాక్టరమ్మ చల్లగుండాలె. గడ్డనే కోసింది, పాలు కొయ్యలేదు" అంది, ఏడుస్తూ నవ్వుతూ.

సిద్ధరాములు గోడ వైపు తిరిగి భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

పోచమ్మ ఉన్నట్టుండి వంగి యమున పాదాలు రెండు చేతులతో పట్టుకుంది.

"ఏంది అత్తా ఇది, పెద్దదానివి. నాకు పాపం తగుల్తది."

"తగలదు బిడ్డా. నువ్వు చేసింది ఏ తల్లీ చెయ్యదు."

పాలు తాగుతూ నిద్రపోయిన పెద్దోణ్ణి పోచమ్మ గుండెకు హత్తుకుంది. వాడు ఆమె కూతురి కొడుకు, వాణ్ణి కని పురుట్లోనే చనిపోయిన కూతురి కొడుకు.