అక్షరాలకి బరువుండదు

"మళ్లీ వచ్చావా?"

కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే అరిచాడు డిస్కుల షాపు యజమాని. పక్క కొట్లో టైలరు మిషను ఆపి తొంగిచూశాడు.

వీధిలో అందరూ ఈ డిస్కుల షాపాయన్ని మైకు అంటారు. గొంతు అలాంటిది.

గుమ్మంలో గుడ్డసంచితో ముసలాయన. పది రోజుల్లో ఇది మూడోసారి.

మొదటిరోజు ఒక డిస్కు తెచ్చాడు. గీతలు పడుతోంది, కాపీ చేసిపెట్టమన్నాడు. తెచ్చింది ఎక్కువ పట్టే డిస్కు, ఎక్కించాల్సింది అందులో సగమే పట్టే డిస్కులోకి. కుదించాలి. కుదించే ముందు సబ్‌టైటిల్స్ దగ్గర టిక్కు తీసేయడం మైకుకి పదేళ్ల అలవాటు. సామాను దించితే బండి తేలికవుతుందని అతని లెక్క.

మొదటి కాపీలో కింద అక్షరాలు లేవు. రెండోదాంట్లో అక్షరాలొచ్చాయి, చాప్టర్లు పోయాయి.

"ఇప్పుడేం రోగం?"

"చాప్టర్లు లేవు బాబూ. ఏడోది కావాలంటే మొదట్నుంచీ లాక్కుంటూ రావాలి. పిల్లలు రోజుకొకటి చూస్తారు."

"లాక్కోమను. వేళ్లు అరిగిపోతాయా? అక్షరాలూ కావాలి, చాప్టర్లూ కావాలంటే పట్టదు. ఏదో ఒకటి చెప్పు."

"అక్షరాలకి బరువుండదు బాబూ. చాప్టరంటే ఒట్టి గుర్తు. అందులో ఇంకో భాష ఆడియో ఉంది చూడు, ఆ టిక్కు తీసేయ్. చోటు అదే వస్తుంది."

టైలరు కిసుక్కున నవ్వాడు.

"ఏం మైకూ, పెద్దయ్యాక బళ్లో వేశారా నిన్ను?"

నాలుగో తరగతిలో బడి మానేసినవాడికి ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

"అసలీ రాతలేంటయ్యా?" తెర మీద ఆగిన బొమ్మని వేలితో పొడిచాడు మైకు. కింద అక్షరాలు: వాన మొదలైంది. వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టుంది. "వాన పడుతుంటే వాన అని రాసుకోవాలా? సినిమాకి కళ్లూ చెవులూ చాలు."

"వినపడనివాళ్లకో?"

"వాళ్లకి బొమ్మ చాలు. ఆ సంగతి నాకు తెలిసినంత నీకు తెలీదు."

"తెలుసు బాబూ. అందుకే నీ దగ్గరికే వచ్చాను. ఎవరు పంపారంటే..."

"ఎవరు పంపితే నాకేంటి? నీ డిస్కు నువ్వు పట్టుకుపో."

"జాగ్రత్త బాబూ. కంప్యూటర్లో ఉన్నది చెడిపోయింది. ఇదొక్కటే మిగిలింది."

"పోతే పీడా పోతుంది."

విసిరాడు. డిస్కు మెట్టు అంచుకి తగిలి రెండు ముక్కలైంది.

టైలరు నవ్వు ఆగిపోయింది. ముసలాయన మోకాలు పట్టుకుని వంగాడు. ముక్కలు ఏరి సంచిలో వేసుకున్నాడు. మెల్లగా మెట్టు దిగి వెళ్లిపోయాడు. ఏదో ఒకటి తిట్టి ఉంటే మైకుకి ఆ రోజు అన్నం సహించేది.

వారం తర్వాత, సాయంత్రం ఇంటికెళ్లేసరికి కూతురు ఆపేసిన టీవీ ముందు కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల. పుట్టినప్పట్నుంచీ వినపడదు.

"ఏమైంది దీనికి?" భార్యని అడిగాడు.

"బడి నుంచి డిస్కు రాలేదండీ. ఎవడో మహానుభావుడు పగలగొట్టాడట. మళ్లీ రాయడానికి కళ్లు ఆనడం లేదు, ఇక నావల్ల కాదన్నారట బళ్లో తాతగారు. ఆ కింద అక్షరాలన్నీ ఏడాది కూర్చుని రాశారట పాపం."

మైకు గొంతు సగానికి పడిపోయింది.

"బొమ్మలు చూడ్డానికి... ఏ డిస్కయితేనేం?"

భార్య చేతిలో గిన్నె గట్టు మీద ఠంగుమంది.

"బొమ్మలా? ఇన్నాళ్లూ అదే అనుకుంటున్నారా? అది చదువుతోందండీ. వాన చప్పుడెలా ఉంటుందో దానికి తెలుసు. పక్కన కూర్చున్నారా ఒక్కరోజైనా? కాపీ మీ షాపులోనే చేయించమని ఇదే ఆయన ప్రాణం తీసింది కూడా. రాలేదా మీ దగ్గరికి?"

మైకు వెళ్లి కూతురి దగ్గర కూర్చున్నాడు.

పిల్ల పక్కన నోటుపుస్తకం పడి ఉంది. తీశాడు. ప్రశ్నలు పిల్లవి, జవాబులు వణికే చేతివి. తలుపు చప్పుడు ఎలా ఉంటుంది? రైలు ఏమంటుంది? పేజీ తర్వాత పేజీ. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చివరి పేజీకి వచ్చాడు. డిస్కు విరిగిన రోజు తేదీ.

మా నాన్న గొంతు ఎలా ఉంటుంది తాతా?

దాని కింద ముసలాయన రాశాడు: "వీధి చివరిదాకా వినపడుతుందమ్మా, నీకు కూడా వినపడాలనే అంత గట్టిగా మాట్లాడతాడనుకుంటా."