తులసికోట కన్నం

మా ఇంట్లో తులసి ఎందుకు బతకదన్న సందేహం ఎనిమిదేళ్లది. తండా నుంచి జనగామకు కూరగాయలు తెచ్చే సాలమ్మే మొదటి మొక్క నాటింది. అందుకు రవికె బట్ట పెడతానన్నాను. మొక్క చచ్చిపోయాక, ఆమె చెయ్యి మంచిది కాదనుకుని పెట్టలేదు. కోటను మళ్లీ తాకనివ్వలేదు.

ఈసారీ ఆకులు పసుపుబారి రాలుతుంటే, దిక్కుతోచక ఆమెనే అడిగాను.

“ముట్టుకోవచ్చా అక్కా?” అని నవ్వి, మట్టిలో వేలు గుచ్చి వాసన చూసింది. “వేరు మురిగింది. నీళ్లు పోయే బొక్కేది?”

“తీర్థం కాళ్ల కింద పడొద్దని సిమెంటుతో మూయించిన.”

“ఎప్పుడు?”

“నువ్వు మొక్క పెట్టిన తెల్లారే.”

“గట్లయితే తులసమ్మ ఎట్ల బతుకుతది?”

చువ్వతో సిమెంటు పొడిచింది. మురిగిన తీర్థం ఆమె పాదాల మీదుగా పారింది.

లోపలికెళ్లి కుంకుమ, రవికె బట్ట తెచ్చాను.

“ఏంది అక్కా, ఇయ్యాల పండుగనా?”

“ఎనిమిదేండ్ల కిందటిది,” అంటూ బొట్టు పెట్టాను.