అవ్వ చెప్పిన చివరి పేజీ

మస్కట్‌లో, రూవి పేటలోని ఒక ఫ్లాటులో, తెల్లమట్టి నీళ్ల కుండ పగిలింది.

పగిలింది ఇంటావిడ మల్లీశ్వరి చెయ్యి తగిలి. చివాట్లు మాత్రం పనిమనిషి రామసుబ్బమ్మకు.

పెంకులు పారేయమంటే ఆవిడ పాత గుడ్డలో మూటకట్టుకుంది.

"వాటినీ కడపకు మోసుకుపోతావా?" అంది మల్లీశ్వరి. రామసుబ్బమ్మ నవ్వి మూటను వంటింటి మూలకు జరిపింది.

ఆ వారమే మల్లీశ్వరి కూతురు, మూడో తరగతి చదివే ఆశ, స్కూలు లైబ్రరీ నుంచి బొమ్మల పుస్తకం తెచ్చింది. అమెరికాలో ప్యూబ్లో అనే ఆదివాసులు తరతరాలుగా చెప్పుకునే కథ. ఎవరూ ఎరగని ఒక ముసలమ్మ ఊళ్లోకి వచ్చి, మట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్ట పేర్చి కుండ చేస్తుంది. చూడవచ్చిన వాళ్ల కాలు తగిలి అది పగులుతుంది.

చివరి పేజీ ఎవరో చింపేశారు.

బుధవారం ఆశ ఈ కథ స్కూలు స్టేజి మీద చెప్పాలి. నలుగురిలో నోరు విప్పని పిల్ల, మొదటిసారి తనంతట తానే పేరిచ్చింది. ఇప్పుడు ముగింపు లేదు.

రామసుబ్బమ్మకు అక్షరం ముక్క రాదు. చేతులు తుడుచుకొని బొమ్మలు ఒక్కొక్కటే చూసింది.

"ఇంగేముంది పాపా, ఆ యవ్వ పెంకులు ఏరుకుంటాది. పొడిగొట్టి కొత్త మట్టిలో కలిపి, తలా ఒక ముద్ద ఇస్తాది. పాతది కలిస్తేనే కొత్త కుండ నిలిచేది."

మల్లీశ్వరికి ఒళ్లు మండింది. ఎక్కడి అమెరికా, ఎక్కడి కడప! ఆకాశం నుంచి బంగారు కుండ దిగే ముగింపు తానే రాసి కూతురిచేత బట్టీ పట్టించింది.

స్టేజి మీద ఆశ కుండ పగిలేదాకా చక్కగా చెప్పింది. బంగారు కుండ నోట రాలేదు. ఏడుస్తూ దిగిపోయింది.

పిల్ల బుర్ర పాడుచేసిందని నింద రామసుబ్బమ్మ మీద పడింది. వీసా గడువు తీరితే మల్లీశ్వరి పొడిగించలేదు. ఆవిడ ఊరికి వెళ్లిపోయింది.

రెండు నెలలకు లైబ్రరీకి అదే పుస్తకం కొత్త ప్రతి వచ్చింది. ఆశ తేగానే మల్లీశ్వరి చివరి పేజీ తిప్పింది.

ముసలమ్మ పెంకులు నూరుతోంది. చుట్టూ ఊరి జనం, అందరి చేతుల్లో తలా ఒక మట్టి ముద్ద.

మల్లీశ్వరి ఆ బొమ్మను మళ్లీ చూసింది. ఇన్ని సముద్రాల అవతలి మాట రామసుబ్బమ్మకెలా తెలిసింది?

ఆశ బట్టల అలమర అడుగు నుంచి ఒక మూట తెచ్చి విప్పింది. చిన్న కుండ. ఎర్రమట్టిలో అక్కడక్కడా పాత కుండ పలుకులు తెల్లగా కనిపిస్తున్నాయి.

"అవ్వ చేసింది. కింద రొట్టెల కొట్టు తందూరులో కాల్పించింది. నువ్వు పారేస్తావని దాచాను."

మల్లీశ్వరి అందులో నీళ్లు పోసింది. చుక్క కూడా కారలేదు.

రెండేళ్లు ఇంట్లో ఉన్న మనిషిని, మీవాళ్లెవరు, ఏం చేసేవాళ్లు అని ఆమె ఒక్కసారీ అడగలేదు. ఆశ అడిగింది.

"వాళ్లు కుమ్మరోళ్లమ్మా. ఊళ్లో కుండలు కొనేవాళ్లు లేకే, అవ్వ మనింటికి అంట్లు తోమడానికొచ్చింది."