సున్నా రావాల్సిన చోట

“ఒకే పిపెట్ టిప్‌తో రెండూ తీశావు కదూ?” ప్రేమానందం గొంతు పెంచాడు.

“లేదు సార్. దేనికది కొత్త టిప్ పెట్టిన,” అంది చాముండేశ్వరి.

“మరి ఈ నంబరేంటి?”

తెర మీద రెండు వందల పదహారు అని కనిపిస్తోంది, సున్నా రావాల్సిన చోట.

శనివారం మధ్యాహ్నం. కెనడాలో, రెజైనాలోని ఆ కాలేజీ ల్యాబులో వాళ్ళిద్దరే ఉన్నారు. ఆయన ఇన్‌స్ట్రక్టరు, ఆమెది రీటెస్ట్. ఇద్దరి రక్తం నుంచి సీరమ్ వేరుచేసి, గర్భం వచ్చినప్పుడు పెరిగే హార్మోన్‌ని కొలవాలి. గులాబీ స్టికరున్న ట్యూబు ఒక గర్భిణిది. నీలం స్టికరున్న ట్యూబులు ఒక మగమనిషివి. గర్భిణికి వేలల్లో రావాలి, వచ్చింది. మగమనిషికి ఏమీ రాకూడదు.

“గులాబీ దాంట్లోంచి ఒక్క చుక్క నీలం దాంట్లో పడ్డా చాలు, ఇలాగే వస్తుంది. రేపు హాస్పిటల్లో ఇలా చేస్తే పేషెంటు గతేంటి?”

“పడలేదు సార్. ఇంకొక్కసారి చేస్త, ప్లీజ్.”

ఈసారి తప్పితే హాస్పిటల్ ప్లేస్‌మెంట్ పోతుంది. ఆ సీటు కోసం వెయిటింగ్ లిస్టులో ముప్పై మంది ఉన్నారు. ప్లేస్‌మెంట్ లేకపోతే కోర్సు పూర్తి కాదు. కోర్సు పూర్తి కాకపోతే వర్క్ పర్మిట్ మాటే లేదు.

ప్రేమానందం స్టాండులోంచి నీలం స్టికరున్న రెండో ట్యూబు తీసి ఇచ్చాడు. “ఇదీ పొద్దున తీసిందే. మూత కూడా తియ్యలేదు. దీన్నొక్కదాన్నే చెయ్యి, నేను చూస్తాను.”

రక్తం బాగా గడ్డకట్టిందో లేదో ఆమె ట్యూబు వంచి చూసింది. సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి, ఎదురుగా అంతే బరువున్న నీళ్ళ ట్యూబు పెట్టింది. పది నిమిషాలు తిరిగింది. బయటికి తీసేసరికి ఎర్రటిదంతా అడుగున చేరి, జెల్ పొర మీద సీరమ్ తేటగా నిలిచింది. గ్లౌజులు మార్చుకుంది. మోచేయి బల్లకి ఆనించి, కొత్త టిప్‌తో, పొరకు తగలకుండా పైపైన తీసింది. ఆయన ఆమె వేళ్ళ మీది నుంచి చూపు తిప్పలేదు.

మెషీన్ ఇరవై నిమిషాలు తీసుకుంది.

రెండు వందల పద్దెనిమిది.

“సార్, మీరే చూసిండ్రు కదా… నేనేం తప్పు చేసిన?”

ఆయన ముఖమంతా చెమట పట్టింది. కోపం అనుకుంది ఆమె.

“పక్కకి జరుగు.”

మూడో ట్యూబు ఆయనే తీసుకున్నాడు. బల్లంతా స్పిరిట్‌తో తుడిచాడు. కొత్త టిప్పుల డబ్బా సీలు విప్పాడు. అన్నీ తనే చేశాడు. ఆమె కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. కింద పార్కింగ్ లాట్‌లో మంచు తోసే బండి అటూ ఇటూ తిరుగుతోంది. దాన్ని చూస్తూ, ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటోంది.

మెషీన్ కూత పెట్టింది.

రెండు వందల పదిహేడు.

ప్రేమానందం మార్కుల షీటు దగ్గరికి లాక్కుని, ఆమె పేరు పక్కన ‘పాస్’ అని రాసి సంతకం పెట్టాడు.

“నీ చేతిలో తప్పు లేదమ్మా. చాలా శుభ్రంగా చేశావు. ఇందాక అరిచాను, ఏమీ అనుకోకు.”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. థాంక్యూ చెప్పబోయి ఆగింది. “అంటే ఆ నంబరు కరెక్టేనా సార్? మగవాళ్ళకు అదెందుకు వస్తది?”

“లోపల ఎక్కడో గడ్డ పెరుగుతుంటే రావచ్చు. క్యాన్సర్ గడ్డ.”

చాముండేశ్వరి మొహంలో సంతోషం చప్పున ఆరిపోయింది. “అయ్యో! ఆయనకు తెల్వదేమో సార్. ఇప్పుడే ఫోన్ చేద్దాం, లేట్ చేయొద్దు. ఎవరు సార్ ఆయన?”

“ఫోనక్కర్లేదమ్మా,” అంటూ ప్రేమానందం ల్యాబ్ కోటు చెయ్యి పైకి మడిచి, మోచేతి మడతలో పొద్దున అంటించుకున్న దూది చూపించాడు.